గ్రిజ్లీల అడవిలో ఎల్క్ వేట: స్ప్రేనా, పిస్టలా, రైఫిల్ ఒక్కటే సరిపోతుందా?

అమెరికాలోని మోంటానాలో ఎల్క్ (పెద్ద దుప్పి జాతి జంతువు) వేట సెప్టెంబరు మొదట్లో విల్లంబులతో మొదలవుతుంది. అక్టోబరు చివర్లో తుపాకీ సీజన్ వస్తుంది, థాంక్స్‌గివింగ్ వారాంతంతో ముగుస్తుంది. సియాటెల్ నుంచో డల్లాస్ నుంచో తోటి ఉద్యోగులతో కలిసి తొలిసారి అటు బయలుదేరే తెలుగువాళ్లను లైసెన్సు, బూట్లు, గుడారం కన్నా ఎక్కువగా వేధించే ప్రశ్న ఒకటుంది: ఎలుగు ఎదురైతే ఏమిటి గతి? తుపాకుల దుకాణంలో అడిగితే పిస్టల్ చూపిస్తారు. అటవీ సిబ్బందిని అడిగితే బేర్ స్ప్రే కొనుక్కోమంటారు. తోడు వచ్చే మిత్రుడేమో చేతిలో రైఫిల్ ఉండగా ఇంకేమి కావాలంటాడు.

ఈ విషయంలో మన ఇళ్లలో పెద్దలను అడిగి తెలుసుకునేదీ పెద్దగా లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత వేట మన తరానికి పరిచయమే లేకుండా పోయింది. శ్రీకాకుళం ఉద్దానంలో జీడితోటల్లోకి వచ్చే ఎలుగుల గురించి తెలిసినవారికి కూడా గ్రిజ్లీ అనే ఉత్తర అమెరికా పెద్ద ఎలుగు కొత్తదే. పెద్ద మగ గ్రిజ్లీ రెండు మూడు వందల కిలోలు తూగుతుంది. పిల్లలున్న ఆడది అంత బరువు లేకపోయినా అంతకన్నా ప్రమాదకరం.

అన్నిటికన్నా ముందు పటం చూడండి. కొలరాడో, యూటా, టెక్సస్‌లలో గ్రిజ్లీలు లేవు. అక్కడికి వెళ్లేవారికి ఈ వ్యాసంలో సగం అనవసరం. ఎల్లోస్టోన్ చుట్టుపక్కల వయోమింగ్, ఇడహో, దక్షిణ మోంటానా కొండలు, గ్లేసియర్ పార్కు వైపున్న ఉత్తర మోంటానా, ఆపైన అలాస్కా: ఇవీ గ్రిజ్లీల నేలలు. ఇక్కడ రాసేది ప్రధానంగా ఆ నేలల గురించే.

## వేటగాడి ఇబ్బంది వేరు

నడకకు వెళ్లేవారికి ఎలుగుల గురించి చెప్పే జాగ్రత్తలన్నీ ఒకసారి గుర్తు చేసుకోండి. గట్టిగా మాట్లాడుతూ నడవండి, గుంపుగా వెళ్లండి, పట్టపగలు తిరగండి, దారి వదలకండి. వేటగాడు వీటిలో ఒక్కటీ పాటించడు. తెల్లవారుజామున చీకట్లో ఒంటరిగా, అడుగుల చప్పుడు కాకుండా, గాలికి ఎదురుగా, పొదల్లోంచి నడుస్తాడు. విల్లు సీజన్‌లో అయితే ఆడ ఎల్క్ గొంతును అనుకరిస్తూ పిలుస్తాడు. ఆ పిలుపు ఎల్క్‌కే కాదు, ఎల్క్‌ను తినాలనుకునే దానికీ వినిపిస్తుంది.

వేట ఫలించాక పరిస్థితి మరింత చిక్కవుతుంది. ఎల్క్ పడింది, మీరు మోకాళ్ల మీద కూర్చుని పొట్ట కోస్తున్నారు. మోచేతుల దాకా నెత్తురు. తల కిందికి వంచి ఉంది. రైఫిల్ పక్కనున్న చెట్టుకు ఆనించి ఉంది, లేదా బరువు తగ్గించుకోవడానికి సంచితో పాటు పది అడుగుల అవతల పెట్టారు. పేగుల వాసన గాలిలో లోయ పొడవునా పోతోంది. అది శీతాకాలపు నిద్రకు ముందు కొవ్వు పట్టించుకునే కాలం. గ్రిజ్లీలు రోజంతా తిండి వెతుకుతూనే ఉంటాయి. మీరు చేసిన పని వాటికి విందు పిలుపు.

అందుకే ఏ సాధనమైనా ఈ ఘడియలో పనికొస్తుందా అన్నదే మొదటి పరీక్ష.

## ఏ కొలతలతో చూడాలి

చేతికి అందే వేగం. గ్రిజ్లీ గంటకు 35 మైళ్ల వేగం అందుకోగలదు. అంటే సెకనుకు దాదాపు 50 అడుగులు. 40 గజాల అవతల పొదల్లోంచి దూకితే మీ దగ్గరికి రావడానికి మూడు సెకన్లు కూడా పట్టదు. సంచిలో ఉన్నది ఏదైనా లేనట్టే లెక్క.

వణుకుతున్న చేతులతో నడపగలగడం. గురి ఎంత సూక్ష్మంగా ఉండాలో, ఎన్ని మీటలు నొక్కాలో, ఎంత సాధన కావాలో చూసుకోవాలి.

కింద పడ్డాక, ఒక చెయ్యి దాని నోట్లో ఉన్నప్పుడు కూడా పనిచేస్తుందా?

పక్కవాడికి ముప్పు. ఎలుగు మీ మిత్రుడి మీద ఉన్నప్పుడు దాన్ని మీరు వాడగలరా?

ఆ తర్వాతి బాధ్యత. అలాస్కా బయట, అమెరికాలోని మిగతా రాష్ట్రాల్లో గ్రిజ్లీ 1975 నుంచి ఫెడరల్ రక్షణ ఉన్న జంతువు. చంపితే విచారణ తప్పదు.

ప్రయాణం, వీసా. మనవాళ్లు తరచూ పట్టించుకోని కొలత ఇదే. దీనికి విడిగా ఒక భాగం కేటాయించాను.

ఎంత పెద్ద ఎలుగును నేల కూల్చగలదన్న ప్రశ్న ఈ జాబితాలో లేదు. కావాలనే వదిలేశాను. తుపాకుల గురించిన చర్చలన్నీ తూటా బరువు దగ్గర మొదలై అక్కడే తిరుగుతాయి. ఆపద వేళ ఓడిపోయేది మాత్రం ఎక్కువగా తూటా కాదు, దాన్ని బయటికి తీయాల్సిన చెయ్యి.

## బేర్ స్ప్రే

మిరపలోని ఘాటు పదార్థాలనే ఒత్తిడితో నింపిన డబ్బా ఇది. గుంటూరు మిరప తిని పెరిగినవాళ్లం మనకేమిటి అనుకోకండి. గాలి ఎదురు తిరిగి ముఖాన పడితే ఏ ఊరివాడైనా ఒకటే. మనుషుల మీద వాడే పెప్పర్ స్ప్రే దీనికి ప్రత్యామ్నాయం కాదు. ఎలుగుల కోసం తయారైనదని, అమెరికా పర్యావరణ సంస్థ నమోదు సంఖ్య ఉందని డబ్బా మీద చూసుకోవాలి. కనీసం 225 గ్రాముల పదార్థం ఉండాలి, కనీసం 25 అడుగుల దూరం వెళ్లాలి, కనీసం 6 సెకన్లు చిమ్మాలి. గ్రిజ్లీల వ్యవహారాలు చూసే ప్రభుత్వ శాఖల ఉమ్మడి కమిటీ సూచించే కొలతలు ఇవే. ధర 35 నుంచి 50 డాలర్లు. సాధారణంగా మూడు నాలుగేళ్లకు గడువు తీరుతుంది.

దీని పెద్ద బలం, గురి సూక్ష్మంగా ఉండనక్కరలేకపోవడం. మీకూ ఎలుగుకూ మధ్య ఒక మబ్బు లేపితే చాలు, అదే వచ్చి అందులో దూరుతుంది. 30 నుంచి 60 అడుగుల దూరంలో ఉండగా, కొంచెం కిందికి వంచి చిమ్మాలి. పక్కవాడి మీద ఎలుగు ఉన్నా వెనకాడకుండా ఇద్దరి మీదా కొట్టవచ్చు. మిత్రుడు ఒక గంట కళ్లు మండి ఏడుస్తాడు, ప్రాణంతో ఉంటాడు.

టామ్ స్మిత్, స్టీఫెన్ హెరెరో తదితరులు 2008లో ప్రచురించిన అధ్యయనం 1985–2006 మధ్య అలాస్కాలో జరిగిన 83 స్ప్రే ఘటనలను పరిశీలించింది. గోధుమ ఎలుగుల విషయంలో 92 శాతం, నల్ల ఎలుగుల విషయంలో 90 శాతం సందర్భాల్లో స్ప్రే వాటి ప్రవర్తనను ఆపింది. స్ప్రే ఉన్నవారిలో 98 శాతం మందికి గాయాలు కాలేదు. గ్రిజ్లీ కూడా గోధుమ ఎలుగు జాతిదే కనుక ఈ అంకెలు మనకు పనికొస్తాయి.

లోపాలూ ఉన్నాయి. అదే అధ్యయనంలో 14 శాతం సందర్భాల్లో స్ప్రే వాడినవారికే ఎంతో కొంత తగిలింది. గాలి 7 శాతం ఘటనల్లో గురికి అడ్డుపడింది, అయినా ఎలుగుకు చేరింది. గడ్డకట్టే చలిలో డబ్బాలో ఒత్తిడి తగ్గి దూరం పడిపోతుంది. అందుకని నవంబరు వేటలో డబ్బాను రాత్రి నిద్రసంచిలో పెట్టుకోవాలి, పగలు కోటు లోపలి వైపు ఉంచుకోవాలి. మరో చిక్కు: ఒక డబ్బా ఆరేడు సెకన్లలో ఖాళీ. ఎలుగు వెనక్కి వెళ్లి మళ్లీ వస్తే చేతిలో ఏమీ ఉండదు. మాంసం మోయడానికి రెండు మూడు సార్లు అదే చోటికి తిరిగి వెళ్లాల్సినవారు మనిషికి రెండు డబ్బాలు పెట్టుకోవడం మంచిది.

దోమల మందులాగా దీన్ని గుడారానికీ బట్టలకూ కొట్టుకునేవారు ఇప్పటికీ ఉన్నారు. ఎండిపోయిన స్ప్రే వాసన ఎలుగును తరమదు, ఆకర్షిస్తుంది.

## నడుముకు, లేదా ఛాతీకి కట్టిన పిస్టల్

పిస్టల్ అంటే ఇక్కడ 10 ఎంఎం సెమీ ఆటోమేటిక్, .44 మాగ్నమ్ రివాల్వర్ లేదా వాటి సాటివి. 2016లో అలాస్కాలో ఒక గైడు 9 ఎంఎం పిస్టల్‌తో దూకి వచ్చిన గోధుమ ఎలుగును చంపిన ఉదంతం అప్పటి నుంచి ప్రతి చర్చలోనూ వినిపిస్తుంది. ఆయన దశాబ్దాల అనుభవమున్న గైడు అన్న మాట మాత్రం వినిపించదు.

రెండు రకాల మధ్య ఎంపిక ఇలా ఉంటుంది. .44 మాగ్నమ్‌లో ఆరు తూటాలుంటాయి. ఒక్కోటి పెద్ద దెబ్బ, దాంతో పాటే చేతికి పెద్ద కుదుపు. రెండో తూటా గురి చూసుకోవడానికి పట్టే సమయం మామూలు మనిషికి చాలా ఎక్కువ. కానీ రివాల్వర్‌ను ఎలుగు పక్కటెముకలకు ఆనించి కాల్చినా పేలుతుంది, ఒంటి చేత్తో పనిచేస్తుంది. 10 ఎంఎం మ్యాగజైన్‌లో పదిహేను తూటాలు పడతాయి, కుదుపు తక్కువ, త్వరగా మళ్లీ గురి కుదురుతుంది. అయితే శరీరానికి గట్టిగా అదిమితే పైభాగం వెనక్కి జరిగి పేలకపోవచ్చు. చాంబర్‌లో (పేలడానికి సిద్ధంగా తూటా కూర్చునే గదిలో) తూటా లేకపోతే దాన్ని ఎక్కించడానికి రెండు చేతులు కావాలి. రెండో చెయ్యి అప్పుడు మీ అధీనంలో ఉండకపోవచ్చు.

ఏది కొన్నా లోతుగా దిగే గట్టి సీసం తూటాలు వాడాలి. మనుషుల నుంచి రక్షణ కోసం అమ్మే విచ్చుకునే రకం ఎలుగు కండల్లో పైపైనే ఆగిపోతుంది.

అదే పరిశోధకుల బృందం 2012లో తుపాకుల మీద మరో అధ్యయనం చేసింది. 1883–2009 మధ్య అలాస్కాలోని 269 ఘటనలు అందులో ఉన్నాయి. చేతి తుపాకులు వాడిన 37 మందిలో 31 మంది, అంటే 84 శాతం, తమను కాపాడుకోగలిగారు. పొడవు తుపాకులు (రైఫిల్, షాట్‌గన్) వాడిన 176 మందిలో 134 మంది, 76 శాతం. విఫలమైనవి ఎందుకు విఫలమయ్యాయో కూడా లెక్క తీశారు. సమయం చాలకపోవడం 27 శాతం, తుపాకీ ఇరుక్కుపోవడం వంటి యంత్ర సమస్యలు 14 శాతం, సేఫ్టీ (పొరపాటున పేలకుండా ఆపే మీట) తీయలేకపోవడం 8 శాతం.

ఈ 84ను పైనున్న 92 పక్కన పెట్టి తీర్పు చెప్పేయడం పొరపాటు. స్ప్రే అధ్యయనంలో కుతూహలంతోనో తిండి కోసమో దగ్గరికి వచ్చిన ఎలుగులు చాలానే ఉన్నాయి. తుపాకుల అధ్యయనంలో ఎక్కువగా దాడికి దిగినవి ఉన్నాయి. రెండు వేర్వేరు పరీక్షల మార్కులు కలిపి చూసుకున్నట్టవుతుంది. స్ప్రే అభిమానులు ఈ మాట చెప్పరు. తుపాకీ అభిమానులు ఇది చెప్పి, 76 శాతం సంగతి మింగేస్తారు. నాకు ఈ అధ్యయనాల్లో శాతాల కన్నా విఫలమైన కారణాల జాబితాయే విలువైనదనిపిస్తుంది. సమయం చాలలేదు, ఇరుక్కుపోయింది, సేఫ్టీ పడే ఉంది. ఇవన్నీ సాధనతో తగ్గించుకోగలిగినవి, సాధన లేకపోతే ఖాయంగా ఎదురయ్యేవి.

సాధన అంటే స్థిరమైన కాగితాన్ని నిలబడి కాల్చడం కాదు. ఛాతీకి కట్టిన హోల్‌స్టర్‌లోంచి (తుపాకీ ఒరలోంచి) లాగడం, కదిలే చిన్న గురిని రెండు సెకన్లలో రెండు మూడు సార్లు కొట్టడం, ఎడమ చేత్తో ఒంటరిగా కాల్చడం. 10 ఎంఎం తూటా ఒక్కోటి డాలరుకు అటూ ఇటూ పడుతుంది, గట్టి సీసపువి అంతకన్నా ఎక్కువ. నెలకు ఒకసారైనా రేంజ్‌కు (కాల్పుల సాధన స్థలానికి) వెళ్లి యాభై తూటాలు ఖర్చు పెట్టే ఓపిక లేనివారు పిస్టల్ కొనడం నాకు ఇష్టం లేదు. కిలో పైన బరువు ఛాతీ మీద మోస్తూ, లేని ధైర్యం ఉందనుకోవడమే మిగులుతుంది.

ఇంకో ప్రమాదం పక్కవాడిది. 2011 సెప్టెంబరులో ఇడహో, మోంటానా సరిహద్దు అడవుల్లో గ్రిజ్లీ ఒక వేటగాడి మీద పడింది. దాన్ని ఆపబోయి తోటివాడు కాల్చిన తూటానే ఆ వేటగాడి ప్రాణం తీసింది.

2018 సెప్టెంబరులో వయోమింగ్‌లోని టెటన్ విల్డర్‌నెస్ అనే రక్షిత అడవిలో ఒక గైడు, అతని వెంట వచ్చిన వేటగాడు ముందురోజు బాణం తగిలిన ఎల్క్‌ను కోస్తుండగా గ్రిజ్లీలు వచ్చాయి. పిస్టల్ ఒంటి మీద లేదు, సామాను దగ్గర ఉంది. గైడు బతకలేదు. కోసే పని మొదలుపెట్టగానే ఒంటి మీది బరువులు దించుకోవాలనిపించడం సహజం. దించకూడని బరువు ఒకటుంటుంది.

## చేతిలో ఉన్న రైఫిల్

ఎల్క్‌కు వాడే రైఫిల్ గ్రిజ్లీకీ చాలు, శక్తికి లోటు లేదు. శక్తి ఉన్నా అందుబాటులో లేకపోవడమే దీని కథ. మాంసం మోసేటప్పుడు సంచికి కట్టి ఉంటుంది, కోసేటప్పుడు చెట్టుకు ఆని ఉంటుంది, నడిచేటప్పుడు భద్రత కోసం చాంబర్ ఖాళీగా ఉంటుంది. స్కోపు (గురి చూసే దుర్బిణి) పెద్ద మాగ్నిఫికేషన్‌లో ఉంటే పది అడుగుల దూరంలో మీకు కనిపించేది బొచ్చు మాత్రమే. పొదల్లో నడిచేటప్పుడు స్కోపును కనీస స్థాయికి తిప్పి పెట్టుకోవడం ఖర్చులేని జాగ్రత్త.

అలాస్కాలో గైడులు కొందరు 12 గేజ్ షాట్‌గన్‌లో స్లగ్‌లు (ఒక్కటిగా దూసుకెళ్లే పెద్ద తూటాలు), లేదా .45-70 పొట్టి రైఫిల్ వెంట ఉంచుకుంటారు. కానీ వారి పని కాపలా. మీ చేతులు మాంసంలో ఉండగా వారి చేతులు తుపాకీ మీద ఉంటాయి. వేటాడే మనిషే కాపలాకు కూడా అనుకుంటే రైఫిల్‌ను రక్షణ సాధనంగా లెక్కించకండి. అది ఎల్క్ కోసమే.

విల్లుతో వేటాడేవారికి ఈ ఆసరా కూడా ఉండదు. విల్లు సీజన్‌లో చేతి తుపాకీ వెంట ఉంచుకోవచ్చా లేదా అన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. ఆ ఏటి నిబంధనల పుస్తకం చూసుకోండి.

## మిగతావి

గుడారం చుట్టూ, వేలాడదీసిన మాంసం చుట్టూ వేసే విద్యుత్ కంచె మంచి సాధనం. అలాస్కాలో, మోంటానాలో వాడకం బాగానే ఉంది. మోయగలిగే రకాలు రెండు కిలోలకు అటూ ఇటూ ఉంటాయి. రాత్రి నిద్రకు భరోసా ఇస్తుంది, పగటి నడకకు కాదు. శబ్దం చేసే టపాకాయలు, గాలి బూరలు దూరంగా ఉన్న ఎలుగును కదిలించవచ్చు, దూకుతున్నదాన్ని ఆపవు. సంచికి కట్టే చిరుగంటలు పూర్తిగా వృథా.

మూస్ (ఎల్క్ కన్నా పెద్ద దుప్పి జాతి) గురించి ఒక్క మాట. పిల్ల ఉన్న ఆడ మూస్ చెవులు వెనక్కి వాల్చి మెడ వెంట్రుకలు నిక్కబొడిస్తే చెట్టు చాటుకు పరుగెత్తండి. ఎలుగు ముందు పరుగెత్తకూడదు, మూస్ ముందు పరుగెత్తవచ్చు. కొండ సింహం ఎదురైతే పరుగెత్తకుండా, పెద్దగా కనబడుతూ ఎదురు నిలవాలి. ఈ రెండింటి మీదా స్ప్రే పనిచేస్తుంది.

## ఒక్క చూపులో

| | బేర్ స్ప్రే | పిస్టల్ / రివాల్వర్ | వేట రైఫిల్ |
|---|---|---|---|
| మాంసం కోసేటప్పుడు చేతికి అందడం | ఛాతీ మీద ఉంటే అందుతుంది | ఛాతీ మీద ఉంటే అందుతుంది | దాదాపు అందదు |
| కావలసిన సాధన | గంటల్లో నేర్చుకోవచ్చు | నెలలు, ఆపకుండా | వేటకు చేసే సాధన చాలదు |
| కింద పడ్డాక | వాడవచ్చు, మీకూ తగులుతుంది | వాడవచ్చు, రివాల్వర్ మేలు | కష్టం |
| పక్కవాడికి ముప్పు | తాత్కాలిక మంట | ప్రాణాంతకం | ప్రాణాంతకం |
| గాలి, చలి ప్రభావం | ఉంది | తక్కువ | తక్కువ |
| ఎలుగు చనిపోతే విచారణ | ప్రశ్నే రాదు | తప్పదు | తప్పదు |
| విమానంలో | కుదరదు | తాళం వేసిన గట్టి పెట్టెలో, ప్రకటించి | అదే పద్ధతి |
| తాత్కాలిక వీసా మీద | ఇబ్బంది లేదు | షరతులున్నాయి | షరతులున్నాయి |
| ఖర్చు | 35–50 డాలర్లు | 600 డాలర్ల పైన, తూటాలు వేరు | ఎలాగూ కొన్నదే |

## వీసా, చట్టం: మనవాళ్లు ముందే చూసుకోవాల్సినవి

హెచ్-1బీ, హెచ్-4, ఎఫ్-1 వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం అమెరికా ఫెడరల్ చట్టం కింద సాధారణంగా నేరం. మినహాయింపులు కొన్నే. వాటిలో మనకు పనికొచ్చేది, అమెరికాలోని ఒక రాష్ట్రం జారీ చేసిన, చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు. అంటే లైసెన్సు చేతికి వచ్చాకే తుపాకీ మాట ఎత్తాలి. "మిత్రుడి తుపాకీనే కదా, ఒక వారం నా దగ్గర ఉంటుంది" అన్నా చట్టం దృష్టిలో అది మీ దగ్గర ఉన్నట్టే. లైసెన్సు గడువు తీరిన తర్వాత మీ అల్మారాలో తుపాకీ ఉండిపోతే మినహాయింపు కూడా గడువుతో పాటే పోతుంది. తుపాకీ నేరం దేశం నుంచి పంపించేయడానికి దారి తీయగలదు. గ్రీన్‌కార్డు దరఖాస్తు నడుస్తున్నవారు ఒక వలస వ్యవహారాల న్యాయవాదికి రుసుము కట్టి మాట్లాడటం, పిస్టల్ కొనడం కన్నా ముందు చేయాల్సిన పని. గ్రీన్‌కార్డు ఉన్నవారికి, పౌరులకు తుపాకీ దగ్గర ఉంచుకోవడంలో ఈ వీసా చిక్కు లేదు.

చేతి తుపాకీని మీరు ఉండే రాష్ట్రంలోనే కొనాలి. టెక్సస్‌లో ఉంటూ మోంటానా దుకాణంలో పిస్టల్ కొని అక్కడికక్కడే పట్టుకుపోవడం కుదరదు. డీలర్ దగ్గర కొనడానికి 21 ఏళ్లు నిండాలి.

గ్రిజ్లీని చంపితే "భయమేసింది" అన్న కారణం చాలదు. నిజంగా ప్రాణాపాయం ఉందని నేల మీది ఆధారాలు చెప్పాలి. అడుగుజాడలు, దూరాలు, ఖాళీ తూటా గొట్టాలు ఎక్కడ పడ్డాయి, అన్నీ చూస్తారు. ఉద్దేశపూర్వకంగా చంపారని తేలితే 50,000 డాలర్ల దాకా జరిమానా, ఏడాది దాకా జైలు. అలాస్కాలో రక్షణ చట్టం వేరు. అక్కడ ఆత్మరక్షణకు చంపినా తోలు, పుర్రె ఒలిచి రాష్ట్రానికి అప్పగించాలి. చనిపోయిన గ్రిజ్లీ పక్కన కూర్చుని దాని తోలు ఒలవడం ఎంత పనో ఊహించుకోండి.

ఎల్లోస్టోన్ పార్కు గుండా వేట ప్రాంతానికి వెళ్లేవారు తుపాకీ వెంట తీసుకెళ్లవచ్చు కానీ పార్కులో కాల్చకూడదు, వేట ఎలాగూ నిషిద్ధం. పక్కనే ఉన్న గ్రాండ్ టెటన్ పార్కులో ఎల్క్ సంఖ్య తగ్గించడానికి నియంత్రిత వేట జరుగుతుంది. దానికి వెళ్లే ప్రతి వేటగాడూ, రైఫిల్ చేతిలో ఉన్నా సరే, బేర్ స్ప్రే అందుబాటులో పెట్టుకుని తీరాలన్నది అక్కడి నిబంధన. తుపాకీ ఉన్న మనిషికే స్ప్రే తప్పనిసరి చేశారంటే, ఆ పార్కు వాళ్లు ఈ ప్రశ్నకు ఎప్పుడో జవాబు చెప్పేసినట్టే.

## మీరు ఎవరు?

తొలిసారి వెళ్తున్నారు, తుపాకీ అలవాటు ఏడాది లోపే. స్ప్రే ఒక్కటే. రైఫిల్‌ను సురక్షితంగా మోయడం నేర్చుకోవడమే ఈ ఏడాదికి చాలినంత పని. దానిపైన ఇంకో తుపాకీ చేరిస్తే ఎలుగు కన్నా మీకు మీరే ప్రమాదం. స్ప్రే డబ్బాతో పాటు మందు లేని సాధన డబ్బా ఒకటి కొని, ఇంటి పెరట్లో లాగడం, ప్లాస్టిక్ క్లిప్పు బొటనవేలితో తోయడం, చిమ్మడం అలవాటు చేసుకోండి. చేతి తొడుగులతో కూడా. తొడుగుతో ఆ క్లిప్పు రావడం ఎంత మొండిగా ఉంటుందో ఇంట్లోనే తెలిసిపోవాలి.

విల్లుతో, ఒంటరిగా, సెప్టెంబరులో. ప్రమాదం అందరికన్నా ఎక్కువ మీకే. స్ప్రే రెండు డబ్బాలు, ఒకటి ఛాతీ మీద, ఒకటి నడుముకు. కాల్చడం నిజంగా వచ్చినవారు, ఆ రాష్ట్రం ఒప్పుకుంటే, రివాల్వర్ చేర్చుకోవచ్చు. అసలు సలహా మాత్రం ఒంటరిగా వెళ్లవద్దనే.

అనుభవం ఉంది, నెలనెలా రేంజ్‌కు వెళ్తారు. స్ప్రే ఛాతీ మీద, 10 ఎంఎం నడుముకు. ముందు ఏది తీయాలో ఇంట్లోనే నిర్ణయించుకోండి. రెండు హోల్‌స్టర్‌ల మధ్య చెయ్యి తడబడితే రెండూ లేనట్టే. గాలి బలంగా ఎదురు కొట్టే శిఖరం మీద తప్ప, మొదట స్ప్రే అనుకోవడమే మేలని నా ఉద్దేశం.

గైడుతో వెళ్తున్నారు. వయోమింగ్‌లో ఫెడరల్ విల్డర్‌నెస్ ప్రాంతాల్లో పెద్ద జంతువుల వేటకు వచ్చే బయటి రాష్ట్రాలవారికి గైడు గానీ స్థానిక తోడు గానీ తప్పనిసరి. ఆయన దగ్గర తుపాకీ ఉంటుందని మీరు ఊరుకోకండి. డబ్బు కట్టే ముందు మూడు ప్రశ్నలు అడగండి: మాంసం కోసేటప్పుడు కాపలా ఎవరు ఉంటారు, మీ పిస్టల్ ఎక్కడ పెట్టుకుంటారు, నాకు స్ప్రే ఇస్తారా? రెండో ప్రశ్నకు "సంచిలో" అన్న జవాబు వస్తే ఇంకొకరిని వెతుక్కోవడం మంచిది.

వేటాడరు, వేటగాడి వెంట ఫొటోల కోసం వస్తున్నారు. మీకూ స్ప్రే కావాలి. వాళ్ల చేతులు ఖాళీగా లేనప్పుడు కాపలా మీరే.

## ఎక్కడ కట్టుకోవాలి, ఎలా తెచ్చుకోవాలి

సంచి పక్క జేబులో, నీళ్ల సీసా చోటులో స్ప్రే పెట్టుకునేవారు చాలామంది కనిపిస్తారు. సంచి వీపు మీద ఉండగా ఆ జేబులోంచి డబ్బా తీసి చూడండి, ఎందుకు వద్దంటున్నానో అర్థమవుతుంది. నడుము బెల్టుకు కట్టినది సంచి బెల్టు కింద దాగిపోతుంది, మోకాళ్ల మీద కూర్చుంటే తొడకూ పొట్టకూ మధ్య నలుగుతుంది. దూరదర్శిని పట్టీకి కిందనో పక్కనో ఛాతీ మీద ఉన్నది మాత్రం నిలబడ్డా, కూర్చున్నా, కింద పడ్డా ఒకే చోట ఉంటుంది.

ఇద్దరుంటే ఒకరు కోయండి, ఒకరు నిలబడి చూడండి. చూసేవారి చేతిలో స్ప్రే, క్లిప్పు మీద బొటనవేలు. ఫోను జేబులో. అరగంటకోసారి పని మార్చుకోండి. పేగుల కుప్ప నుంచి మాంసాన్ని వీలైనంత త్వరగా దూరం జరపండి. రాత్రికి వదిలేయక తప్పకపోతే గుడారానికి కనీసం 100 గజాల అవతల, నేల నుంచి 10 అడుగుల ఎత్తున, చెట్టు మాను నుంచి 4 అడుగుల దూరంలో వేలాడదీయండి, అదీ దూరం నుంచే కనబడే చోట. మర్నాడు తిరిగి వచ్చేటప్పుడు మాటలాడుతూ, గాలి మీ వెనక నుంచి వీచేలా రండి. ఇప్పుడు మీరు వేటాడటం లేదు కనుక మీ వాసన ముందే చేరడం మంచిది. కాకులు, మాగ్‌పైలు గోల చేస్తున్నా, మాంసం మీద మట్టీ ఆకులూ కప్పి ఉన్నా దగ్గరికి పోకండి. అది ఇప్పుడు మీది కాదు. అటవీ సిబ్బందికి ఫోను చేయండి.

విమానంలో వెళ్లేవారికి స్ప్రే చేతి సంచిలోనూ, చెక్‌ఇన్ సామానులోనూ కుదరదు. దిగిన ఊళ్లోనే కొనాలి, ఎల్లోస్టోన్ దారిలో అద్దెకు కూడా దొరుకుతుంది. తుపాకీ అయితే ఖాళీ చేసి, తాళం వేసిన గట్టి పెట్టెలో, కౌంటర్ దగ్గర ప్రకటించి చెక్‌ఇన్ చేయాలి. తూటాలకు చాలా విమాన సంస్థల పరిమితి 11 పౌండ్లు. కారులో ఎండకు స్ప్రే డబ్బా వదిలేయకండి, వేడికి పగిలితే ఆ కారు చాలా రోజులు ఎక్కలేరు. తిరుగు ప్రయాణంలో మిగిలిన డబ్బాను చెత్తబుట్టలో పడేయకుండా, అక్కడే అడవికి వెళ్తున్న ఇంకెవరికైనా ఇచ్చేయండి. అయితే క్లిప్పు ఒకసారి తీసి కొంచెమైనా చిమ్మిన డబ్బాను ఎవరికీ ఇవ్వవద్దు.